లింకు కింది పాత బొమ్మ

జిల్లా అర్జీల విభాగం అధికారి గారి సముఖమునకు, మచిలీపట్నం.
పెడన కాపురస్తుడు, కలంకారీ అద్దకపు దుకాణదారుడు రత్నరాజు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా దుకాణం వెబ్‌సైటు లింకు పంపినప్పుడెల్లా దాని కింద వచ్చు పాత బొమ్మను మార్పించి, నేను బ్రతికియున్నట్లు తెలియపరచుట గురించి.

1. నా భార్య కృపమ్మ గత వేసవిలో ప్రభువునందు నిద్రించినది. అయినవారు, చీరలు కొనువారు గుడివాడ, దివిసీమ వైపు చెదిరియున్నందున, ఆమె జ్ఞాపకార్థము జరుపు ఆదరణ కూడిక కబురును వెబ్‌సైటు మొదటి పేజీలో పెట్టించి, ఆ లింకును గ్రూపులన్నిటికి పంపితిని. మేమిద్దరం కలిసి దిగిన ఫొటో ఒక్కటే దొరికినది.

2. సదరు ఫొటోలో నేను నడుమ నిలబడితిని. ఆమె ఎప్పటివలెనే ఓ పక్కకు ఒదిగినది. "కాస్త లోపలికి రండమ్మా" అని ఫొటోగ్రాఫరు పిలిచినా రాలేదు. లింకు కింది చిన్న బొమ్మ పక్కలు కత్తిరించుకొనునట. అందులో ఆమె పోయి నా ముఖము మిగిలినది. దాని కింద "ప్రభువునందు నిద్రించిన మా ప్రియమైన" అనువరకే పట్టి, పేరు రాకముందే చుక్కలు పడినవి.

3. కూడిక ముగిసిన పిమ్మట పేజీ మార్పించితిని. ఇప్పుడు తెరచినచో కొత్త చీరలే కనబడును. కాని ఎవరూ తెరవరు. బొమ్మ చూచి, దండం గుర్తు పెట్టి వెళ్ళిపోవుదురు. ఇంటర్నెట్ సెంటరు నవ్యశ్రీ గారిని అడుగగా, "మన పేజీ మారింది మావయ్యగారూ. గ్రూపులు నడిపే కంపెనీ వాళ్ళు అప్పటి బొమ్మే దాచుకుని చూపిస్తున్నారు. వాళ్ళు మళ్ళీ వచ్చి చూసుకుంటేగానీ మారదండీ" అన్నారు. ఆ కంపెనీ తలుపు ఎక్కడున్నదో తెలియక తమ తలుపు తట్టితిని.

4. బంటుమిల్లి చీరల షాపు వారు నా గొంతు విని ఫోను పెట్టేసిరి. గుడివాడ సంఘమువారు ప్రతి ఆదివారం "ఒంటరియైన కృపమ్మను ఆదరించు ప్రభువా" అని ప్రార్థించుచున్నారు. నన్ను ఆదరించమని అడుగువారు లేరు. అద్దకం బల్ల మీద గుడ్డ పరిచేటప్పుడు అవతలి కొస ఆమే పట్టుకునేదండీ. మనిషిని పెట్టుకోవచ్చు, అది కాదు నా బాధ. ఫోను మోగితే చాలనిపిస్తోంది. రాంగ్ నంబరైనా ఫర్వాలేదు, కాసేపు మాట్లాడతాను.

5. నేను సజీవుడనని మా పాస్టరు గారు సంతకము చేసిన కాగితము జతపరచితిని.

కావున తాము దయతో విచారించి, సదరు కంపెనీ వారు మా పేజీని మరల చూచునట్లు చేసి, నా మరణమును రద్దుపరచ చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు, ప్రస్తుతము బ్రతికియున్నవాడు,
రత్నరాజు

తా.క.: సంతకం పెట్టిన తర్వాత ఫోను మోగిందండీ. బందరు నుంచి జోహ్రా గారు. చాలా ఏళ్ళుగా కృపమ్మ దగ్గరే చీరలు తీసుకునేవారు. "భాయ్ పోయారని గ్రూపులో చూశానండీ. మీరు ఆయన తమ్ముడా? గొంతు అచ్చం ఆయనదే. ఒక్కసారి కృపమ్మకి ఫోనివ్వండి" అన్నారు. తమ్ముణ్ణేనన్నాను. కృపమ్మ లోపల గుడ్డ ఉతుకుతోంది, చేతులు తడిగా ఉన్నాయన్నాను. "సరే, రేపు చేస్తా. ఆమెని ఒంటరిగా వదలకండి" అన్నారు.

అందరి ఫోన్లలోనూ మార్పించండి. జోహ్రా గారి ఫోనులో మాత్రం ఆ బొమ్మ అలాగే ఉండనివ్వండి. రేపు ఆవిడ ఫోను చేసేసరికి కృపమ్మ మళ్ళీ ఏదో పనిలోనే ఉంటుంది.