తొమ్మిదో ఇల్లు

మార్చి 3, శుక్రవారం, సాయంత్రం 5

తప్పు చేశాను. తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకోకుండా ముందే రాసిపెడుతున్నాను.

మొదటి శుక్రవారం కదా, ల్యాబ్‌కి లీవ్ పెట్టి, మంచం పట్టినవాళ్ళకి దివ్యసత్ప్రసాదం తీసుకెళ్ళాను. పూజలో ప్రభువు శరీరంగా మారిన పల్చటి అప్పాలు తొమ్మిది, ఫాదర్ చిన్న డబ్బీలో పెట్టి నా మెడలో వేశారు. ఎనిమిది ఇళ్ళు అయ్యాయి. జాబితాలో తొమ్మిదోది ఈ నెలే చేర్చిన పేరు. చూడగానే ఒళ్ళు మండింది. మిల్లులో హాజరు రాసే టైమ్‌కీపర్!

బాయిలర్ దగ్గర ఒకతను కాలిపోయినప్పుడు కార్మికులు అర్జీ రాస్తే, సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు మేనేజ్‌మెంట్‌కి మోసింది ఈయనే. పదకొండు మంది ఉద్యోగాలు పోయాయి. అందులో మా ఆయనది ఒకటి.

గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. లోపల దగ్గు వినిపించింది. తిరిగొచ్చేశాను. డబ్బీ చర్చిలో ఇచ్చేద్దామంటే ఊళ్ళో మళ్ళీ గొడవలు, మూడింటికల్లా కర్ఫ్యూ. వంతెన మూసేశారు, చర్చి అవతల. ఫాదర్‌కి ఫోన్ చేసి, ఆ ఇల్లు తాళం వేసి ఉందన్నాను. మెడలో ప్రభువు ఉండగానే అబద్ధం.

మార్చి 4, శనివారం

ఒక్క గదిలో కాపురం మాది. అల్మారా పై అరలో తెల్లగుడ్డ పరిచి డబ్బీ పెట్టాను, పక్కన కొవ్వొత్తి. కింద వంట, ఎదురుగా మంచం. అరవలేను, తిట్టలేను. కుక్కర్ మూత పట్టేస్తే నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అత్తయ్య సీరియల్ మానేసి జపమాల పట్టుకుంది. మా ఆయన సొంత ఇంట్లో దొంగలా నడుస్తున్నాడు. పక్కింటావిడ తొంగిచూసి, ఎవరికైనా సీరియస్‌గా ఉందా అని అడిగింది.

మోకరించాను. మూడు నిమిషాల్లో ప్రార్థన కాస్తా టైమ్‌కీపర్‌తో పోట్లాట అయింది.

శనివారం, మధ్యాహ్నం 2

ఫాదర్ ఫోన్. టైమ్‌కీపర్ కూతురు మూడుసార్లు చేసిందట. నాన్నకి ఇంక రోజులు లేవు, శుక్రవారం గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేయించుకుని, తలుపు తీయించి కూర్చున్నాడు, ఎవరూ రాలేదేం అని ఏడ్చిందట. తాళం సంగతేమిటమ్మా అన్నారు ఫాదర్.

నిజం చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. వంతెన తెరిచేదాకా తాను రాలేనన్నారు. నువ్వే వెళ్ళాలని ఆజ్ఞ మాత్రం ఇవ్వను అన్నారు. ఇస్తే పోయేదిగా! నెపం ఆయన మీద తోసి వెళ్ళేదాన్ని.

మార్చి 5, ఆదివారం

పూజ లేదు. కర్ఫ్యూ.

శత్రువుల్ని ప్రేమించమని ప్రార్థన కూటాల్లో నిలబడి ఎన్నిసార్లు చదివానో. చదివేటప్పుడు శత్రువు ఎక్కడో దూరంగా ఉంటాడు. రెండు వీధుల అవతల దగ్గుతూ ఉండడు.

ఆదివారం, సాయంత్రం 4

మా ఆయనకి అంతా చెప్పాను. రిపేరుకి ఎవరో ఇచ్చిన ఫ్యాను విప్పుతూ తల కూడా ఎత్తలేదు. ఆయన నా ఉద్యోగం తీశాడు, నువ్వు ఆయన సత్ప్రసాదం ఆపావు, చెల్లుకు చెల్లు, ఇంక వదిలెయ్ అన్నాడు.

చెల్లుకు చెల్లా! ఏడాదిగా నేను రగిలిపోతున్నది ఎవరి కోసం? గుసగుసగా అరిచాను. ఆయన స్క్రూలు ఏరుకుంటూ, నేనేమైనా రగలమన్నానా అన్నాడు.

మార్చి 6, సోమవారం, ఉదయం 9

పది నుంచి పన్నెండు దాకా సడలింపు. వంతెన మాత్రం తెరవరట.

నేను క్షమించలేదు. ఇది స్పష్టంగా రాసిపెడుతున్నాను. చెప్పులు వేసుకుంటున్నాను.

సోమవారం, మధ్యాహ్నం 12:30

గుర్తుపట్టాడు. ఫలానా ఆయన భార్యవి కదా అన్నాడు, గొంతు గాలిలా వస్తోంది. క్షమించమంటాడని చూశాను. అనలేదు. నోరు తెరిచాడు, అంతే.

మొత్తం మింగలేడని కూతురు చెప్పింది. అప్పం విరిచి, గోరంత ముక్క నాలుక మీద పెట్టాను. ఆమె చెంచాతో నీళ్ళు పోసింది. మింగడానికి ఎంతసేపు పట్టిందో!

మిగిలిన ముక్క నా చేతిలో ఉండిపోయింది. మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళకూడదు, అక్కడ వదిలేయకూడదు. తీసుకెళ్ళినవాళ్ళే తీసుకోవాలి. నేనేమో అబద్ధమాడినదాన్ని, ఫాదర్ ముందు ఒప్పుకుని పాపసంకీర్తనం కూడా చేయలేదు, అది చేయకుండా తీసుకోకూడదు. ఆయన నావైపే చూస్తున్నాడు. ఒకటే అప్పం, ఆయన తినగా మిగిలింది.

తీసుకున్నాను.

మార్చి 7, మంగళవారం

నిన్న ఒకటి రాయలేదు. ఆ ముక్క నాకూ గొంతు దిగలేదు. ఆ అమ్మాయి అదే చెంచాతో నాకూ నీళ్ళు పోసింది.