గుర్రం ముందుకాలు

అక్కా,

నువ్వు పంపిన కమలాపండ్లు అందాయి. అత్తగారు ఒకటి తిని, ఇంకోటి దిండు కింద దాచుకున్నారు.

"మరిది పోయాక ఆ మంచులో ఎందుకే, మన షిజువోకా ఎండలోకి వచ్చెయ్" అని రాశావు. ఒకటి చెప్పనా? సముద్రం మీద తడిసిన గాలి మా కొండకు కొట్టుకుని, మంచంతా మా ఇంటికప్పు మీదే దింపేసి, ఒట్టి చేతులతో మీ వైపు వస్తుంది. చలికాలం మీ పెరట్లో బట్టలు ఆరుతున్నాయంటే, ఇక్కడ నేను పార పట్టుకున్నానని అర్థం.

ఇప్పుడు ఆ మంచు కరుగుతోంది. కొండమీద నల్లరాయి నాలుగు కాళ్లతో గుర్రంలా పూర్తిగా బయటపడితేనే మేం విత్తనపు వడ్లు నానబోస్తాం. చూసి ఊరికి చెప్పేది అత్తగారే. ఈ ఏడు ఆవిడకి కళ్లు ఆనక నన్ను పొలంగట్టు మీదికి పంపారు.

"ముందుకాలు ఇంకా తెల్లగానే ఉంది" అన్నాను.

పక్కింటి కురాటా గారు నవ్వారు. "రేవులోంచి నాలుగు కాళ్లూ చూసొచ్చాను. ఎండఊరి పిల్లకేం తెలుసు?"

"రేవుకి కనిపించేది ఎండ తగిలే పక్క. మన పొలాలకి నీళ్లొచ్చేది ఈ పక్కనుంచి. మా కోడలు రాలేదందంటే రాలేదు, నువ్వూరుకో!" అన్నారు అత్తగారు.

ఊరంతా ఆగింది. గొణుక్కుంటూనే కురాటా గారూ ఆగారు.

నిన్న పొద్దున కాలు బయటపడింది. గట్టుమీంచే కేకేశాను. ఇంటింటా తొట్లలో వడ్లు పోసిన చప్పుడు!

నేను ఇంటికి చేరేసరికి అత్తగారు ఆ దాచిన కమలాపండు ఒలిచి నా చేతిలో పెట్టారు. "వచ్చే ఏడు కూడా నువ్వే చూడాలి" అన్నారు.

నన్ను తీసుకెళ్లడానికి రాకు అక్కా. కొత్తబియ్యం తినడానికి రా.

నీ చెల్లి