ఎక్కుడు దగ్గర కొత్త టైర్ల మోత

డోన్, 16-2-56, గురువారం

అక్కా, నేను బాగానే ఉన్నాను, మంగళవారం పస్తు కూడా పడుకోలేదు, దిగులు పెట్టుకోవద్దు.

మా కంకర రోడ్డుకు నున్నటి టైర్లు నెలకొకటి చీలిపోతుంటే షావుకారు కొత్తవి కొన్నాడు. "నడిపేది నువ్వు, నువ్వే ఏరుకో డ్రైవరూ" అన్నాడు. గోరుతో నొక్కి చూసి, రాయి దిగనంత మందంగా, లోతు గాట్లు ఉన్నవే ఏరాను. మంగళవారం కోయిలకుంట్ల జొన్నల బస్తాలతో మన ఊరి ఎక్కుడు ఎక్కాను. ఆ బరువుతో ఆపితే లారీ మళ్లీ కదలదని నీకు తెలుసు. నిదానంగా పోతూ ఎప్పటిలాగే సంగటి మూట కోసం చెయ్యి బయటికి చాపాను. నువ్వు రాలేదు. కోపమొచ్చి హారన్ కూడా కొట్టలేదు.

డోన్ చేరాక హోటలాయన అన్నాడు: "ఏమప్పా డ్రైవరూ, మోత మారిపాయనే! యాడిదో బండి అనుకుంటి." అప్పుడు తట్టింది. పాత టైరు అతుకు టపటపమంటే విని కదా నువ్వు బయటికి వచ్చేది! ఇవి గుయ్యిమంటాయి.

లేక ఒంట్లో బాగాలేదా? అదే అయితే బావ చేత వెంటనే కార్డు రాయించు. ఎనుము ఈనిందా? ఆ పాత టైరుతో నీకు చెప్పులు కుట్టిస్తాను, పాదం పొడుగుకు దారం తెంచి ఉంచు. సంగటిలోకి చింతకాయ తొక్కు పెట్టు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

వచ్చే మంగళవారం గుయ్యిమని వినబడితే ఎక్కుడు దగ్గరికి రా. మూట లేకపోయినా రా. ఇక్కడ అందరికీ నేను డ్రైవరునే. పేరు పెట్టి పిలిచేది నువ్వొక్కదానివే.

మద్దిలేటి