విచారణ బోర్డు వెనక సంతకం

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, సంతోషానికే చెయ్యి ఆగడం లేదు, అక్షరాలు గెంతితే సర్దుకుని చదువు. ఏడాదిగా ఏడిపించిన ఇన్‌కంటాక్సు రిఫండు ఈ రోజు మంజూరైంది!

ఇన్నాళ్లూ ఆగింది నా సంతకం వల్లేనట. బోర్డులు రాసే చెయ్యి కదా, ఏటికో తీరులో పెడుతూ వచ్చాను. ఆఫీసు ఫైల్లో ఉన్న పదేళ్ల నాటి సంతకంతో కలిస్తేనే నేను నేనని నమ్ముతామన్నారు. ఆరుసార్లు పెడితే ఆరూ ఆరు రకాలు. "మీరొక్కరేనా, ఆరుగురు అన్నదమ్ములా?" అంది కౌంటర్లో ఆవిడ.

దిక్కుతోచక పైకి చూస్తే ఆవిడ నెత్తిమీద "విచారణ" బోర్డు. ఫైల్లో సంతకం పెట్టిన ఆ ఏడాదే నేను రాసింది! రాసిన ప్రతి బోర్డు వెనకా సంతకం పెడతానని నీకు తెలుసుగా. బతిమాలి దింపించాను. దుమ్ము తుడిస్తే ఫైల్లో సంతకమే, అచ్చు గుద్దినట్టు! "రాసింది ఈయనేనండీ, నిచ్చెన పట్టుకుంది నేనే" అన్నాడు ముసలి ప్యూను. ఆఫీసంతా ఒకటే నవ్వు.

నీ చెవి మిషనుకి ఈ పూటే అడ్వాన్సు కట్టేశాను. బావ దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా? అటక మీది నా సన్న బ్రష్షులు ఎవరైనా వస్తుంటే పంపు.

ఇకమీదట ఒకే సంతకమని ఆవిడకి మాటిచ్చాను. కింద ఉన్నది అదే, కత్తిరించి బీరువాలో దాచు. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు

తా.క. అయ్యో, సంతకం చివర తోక కొత్తగా వచ్చేసిందక్కా. కత్తిరించకు!