ఏడు కెమెరాలకే సరిపోయే పెట్టె

అన్నయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం, పాపకు దగ్గు తగ్గింది. నీ ఇంటి కెమెరాల కోసం కంప్యూటర్ బిగించడం అయిపోయింది, శుక్రవారం పార్శిల్ వేస్తాను. నువ్వడిగిన ఖరీదైన ప్రాసెసర్ వేయలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? హార్డ్ డిస్కు మాత్రం కెమెరాల కోసమే చేసినది కొన్నాను. ముందు మామూలు డిస్కు పెట్టి మా షాపులో నడిపి చూస్తే, పదిహేనో రోజున కిర్రుమని ఆగిపోయింది. మా ఓనరు నవ్వి, "రాత్రీ పగలూ రాస్తూనే ఉండాలయ్యా అది. గానుగెద్దు పనికి లేగదూడను కట్టావేంటి?" అన్నాడు.

పెట్టెను బీరువా వెనక ఇరికించకు, దానికి గాలి ఆడాలి. అమ్మకి కళ్లజోడు మార్పించావా? దొంగ ఎత్తుకుపోయిన నీళ్ల మోటారు బదులు కొత్తది పెట్టించావా?

ఇంకో మాట. కెమెరాల వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్చుకి ఎనిమిది పోర్టులే ఉన్నాయి. అందులో ఒకటి కంప్యూటర్‌కి పోతుంది. మిగిలిన ఏడూ గేటుకి, పెరటికి, మెట్లకి, మేడకి చాలు. నీ జాబితాలో ఎనిమిదో కెమెరా వంటింట్లో, వదిన నిలబడే పొయ్యికి ఎదురుగా ఉంది. దొంగ వచ్చింది పెరట్లోకి గాని వంటింట్లోకి కాదు కదా. పదహారు పోర్టుల స్విచ్చు మా షాపులోనే ఉంది, నేనే పెట్టలేదు.

వదినకు నా నమస్కారాలు. కవరులో పెట్టకుండా పోస్టు కార్డు మీద రాసింది ఆవిడ కూడా చదవాలనే.

నీ తమ్ముడు