అవ్వ రాని పంచాయితీ

ప్రియమైన వర్సిని అవ్వకు,

నేను సేనోని. మీ పంజరంలోని గువ్వను ఎత్తుకుపోయి సంతలో అమ్మినవాణ్ణి. మలేషియాలో పాచిపని చేసే అమ్మకు హాస్టల్లో ఉన్నానని అబద్ధం చెప్పాను, అందుకే ఈ పిల్లల జైలు నుంచి ఆమెకు రాయలేను. ఇంకెవరూ లేక మీకు రాస్తున్నాను.

కొత్త చట్టంలో, నష్టపోయినవాళ్లు పంచాయితీకొచ్చి సరేనంటే పిల్లల్ని కోర్టుకు పంపరట. ఆ రోజు మీ కుర్చీ ఖాళీగా ఉంది. "అవ్వ రాలేదంటే క్షమించనట్టేగా" అని పెద్దలు నన్ను కోర్టుకు పంపేశారు. మీ మీద కోపం లేదు. తాతగారు ముద్దుగా పెంచిన పిట్ట కదా.

ఇట్లు,
సేనో

ఒరేయ్ సేనో, పిట్టల దొంగా!

క్షమించలేదని ఎవడ్రా చెప్పింది? అప్పటికి మీ తాత పోయి నెల కూడా కాలేదు. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా గడప దాటదని మన జావాలో పసిపిల్లాడికి కూడా తెలుసే! పిలవడానికొచ్చిన గుమాస్తాతో "నేను రాకూడదు నాయనా, పెద్దల్నే మా ఇంటికి రమ్మను, చాప వేస్తాను" అన్నాను. ఆ మహానుభావుడు "రానంది" అని మాత్రం చేరవేశాడు. గడువు తీరగానే తిన్నగా కోర్టుకే వెళ్తాను.

నీ మీద ఒళ్లు మండింది, ఎందుకు దాచాలి? పొద్దున్నే మీ తాత కూనిరాగం, గువ్వ కూత, రెండూ పోయాయి. గోడలతో మాట్లాడుకుంటున్నాను. అయినా పిట్ట కోసం పిల్లాణ్ణి జైల్లో పెట్టమంటానా?

నీ మేలు కోరే,
వర్సిని అవ్వ

ప్రియమైన అవ్వకు,

మీ తిట్లు మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఇక్కడ నన్ను పేరుపెట్టి తిట్టేవాళ్లు కూడా లేరు. ఆదివారం అందర్నీ చూడ్డానికి ఎవరో ఒకరు వస్తారు. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. కోర్టులో ఏమన్నారు? ఇంటికి పంపిస్తారా?

మీ పిట్టల దొంగ

నా పిట్టల దొంగకు,

వెళ్లాను. "తీర్పుకు ముందైతే సరిపోయేది అవ్వా, ఇప్పుడు మా చేతుల్లో లేదు" అన్నారు. మెట్లమీదే కూర్చుని ఏడ్చానురా. తర్వాత మళ్లీ లోపలికెళ్లి, "పిల్లాడి బతుకు తేల్చేవాళ్లకు నా గుమ్మం దాకా రావడానికి కాళ్లు లేవా?" అని అరిచాను. జడ్జమ్మ తలవంచుకుని వింది.

మొన్న మా వీధిలో సుపార్తి ఇంటికి పంచాయితీయే నడిచొచ్చింది. ఆమె కూడా గడువులో ఉంది. వేసింది నా చాపే. ఆమె సైకిలెత్తుకుపోయిన కుర్రాడు ఆ రాత్రి వాళ్లమ్మ పక్కన పడుకున్నాడు. సంతోషించాను. ఇంటికొచ్చి నీకోసం ఏడ్చాను. నీకు దక్కాల్సింది వాడికి దక్కిందిరా.

ఆదివారం అన్నం, సోయాగింజల టెంపే వేపుడు తెస్తున్నాను. గోడవైపు తిరిగి కూర్చోకు. నా గడువు తీరింది. నీది తీరేదాకా నేనే గడప దాటి వస్తుంటాను.

ఇట్లు,
వర్సిని అవ్వ