కంచం ముందు కూర్చున్నవాడు

బీరంగూడ,
జూలై 8, 1974

బొమ్మలు గీసి లోకాన్ని భయపెడుతున్న నా కమలకి,

నేను బొమ్మలు తప్పు వరసలో చూశానని రాశావు. ఆ మాట వెనక్కి తీసుకో. హరికథ చెప్పేవాడు జనం కునుకు తీస్తుంటే జనాన్ని తిట్టడు, చిడతలు గట్టిగా వాయిస్తాడు. చూసినవాళ్ళది తప్పెలా అవుతుందే?

నీ వాదం ఏమిటి? పత్రికలో నీ పేజీలో వరసకి రెండేసి చొప్పున మూడు వరసల బొమ్మలున్నాయి, వాటిని అడ్డంగా చూసుకుంటూ పోవాలి. అన్నపూర్ణ స్నానాల గది తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటే లోపల ఎవరూ లేరు. ఎర్ర గచ్చు మీద తడి పాదాల గుర్తులు. దీపం పట్టుకుని వాటి వెంట వెళుతుంది. వంటింట్లో ఎవడో అటు తిరిగి భోంచేస్తున్నాడు. ఇటు తిరిగితే, మాయమైపోయిన మొగుడు. బాగానే ఉంది, ఉలిక్కిపడ్డాం, పేజీ తిప్పేశాం.

నేను నిలువుగా చూశాను. ఎడమవైపు బొమ్మలు పైనుంచి కిందికి, ఆ తర్వాత కుడివైపువి. అప్పుడేమయింది? ఆవిడ తలుపు తడుతోంది. ఈలోగా తడి పాదాలు వంటింటివైపు వెళ్ళిపోయాయి. ఒకడు కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. అప్పుడు తెరుచుకుంది తలుపు. ఆ వెర్రిది ఖాళీ గదిలోకి తొంగి చూస్తోంది, వాడు వెనకాల ఇంట్లోనే ఉన్నాడని మనకి తెలుసు. కొంగు పట్టుకుని లాగి, "అటు వెళ్ళకే" అని చెప్పాలనిపించింది నాకు. నీ వరసలో ఉన్నది ఉలికిపాటు, నా వరసలో ఉన్నది భయం. ఏది కావాలో నువ్వే తేల్చుకో.

మాటలు తక్కువ రాసి బొమ్మలచేత మాట్లాడిస్తున్నావు, అది మాత్రం మెచ్చుకున్నాను. నీ పేరు తీసేసి కింద "కుమార్" అని వేశారట. ఆడపిల్ల పేరు చూస్తే పాఠకులు భయపడరని మీ సంపాదకుడు అన్నాడట కదా. ఆయనకింకా పెళ్ళి కాలేదా?

మీ నాన్న తను పనిచేసే ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో నీకు ట్రేసరు ఉద్యోగం మాట్లాడాడు. వేరేవాళ్ళు గీసిన బోల్టులనీ నట్లనీ పల్చటి కాగితం మీద దిద్దడమట ఆ పని. కూతురు దెయ్యాలు గీస్తోందని షిఫ్టులో ఎవరో నవ్వారట, ఆ ఉక్రోషం. "పిల్ల బొమ్మలు ఆడినన్నాళ్ళు ఆడనివ్వరా వెంకటేశ్వర్లూ" అన్నాను. "ఆడకపోతే మరి?" అన్నాడు. జవాబు నీ దగ్గరే ఉంది.

నువ్వంటే నువ్వనుకున్నంత కోపం లేని
మామ్మ

హైదరాబాదు,
జూలై 17

మామ్మకి, నీ కమల బుద్ధిగా తల వంచుకుని రాస్తున్న జవాబు.

నీ ఉత్తరం రాకముందే సంపాదకులు నరసింహమూర్తి గారు పిలిచారు. మన "తడి పాదాలు" బొమ్మల సీరియల్‌కి పాఠకుల ఉత్తరాలు రావడంలేదట. దసరా సంచికదాకా చూస్తారు. అప్పటికీ జనం పట్టించుకోకపోతే ఆ పేజీ వంటల శీర్షికకి ఇస్తారు. నాన్నేమో దసరా వెళ్ళగానే ట్రేసరుగా చేరాలని రాశారు. అంటే ఇద్దరూ కూడబలుక్కోకుండానే ఒకే ముహూర్తం పెట్టారు. మామ్మా, నాకు బోల్టులు దిద్దాలని లేదు. ఇంతకన్నా గట్టిగా నాన్నకి చెప్పే ధైర్యమూ లేదు.

నీ ఉత్తరం వచ్చాక పాత పేజీని ముక్కలుగా కత్తిరించి నేలమీద నువ్వన్న వరసలో పేర్చాను. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి చూసి, "ఛీ, తియ్యవే" అంది. ఇన్ని వారాల్లో నా బొమ్మకి దొరికిన మొదటి బిరుదు అది. ఇకనుంచి నువ్వు చెప్పినట్టే, వాడు కనిపించాకే ఆవిడ వస్తుంది.

ఇంకో కష్టం. నేను ముఖాల మీద వెంట్రుకవాసి గీతలు గీస్తే, అచ్చు వెయ్యడానికి లోహపు బ్లాకు తయారయ్యేటప్పుడు అవన్నీ కలిసిపోయి మరకలవుతున్నాయి. అందుకని గీతలు మానేసి గదిలో సగం నల్లసిరాతో నింపేస్తున్నాను. ముఖం ఆ నలుపులోంచి కొంచెమే బయటికి వస్తుంది. బాగుందో లేదో నువ్వు చెప్పాలి.

అసలు తంటా, కథ ముందుకెలా వెళ్ళాలన్నది. కాంట్రాక్టరు వీరభద్రం అన్నపూర్ణ మొగుణ్ణి చంపి కాజీపల్లి దగ్గర వాననీళ్ళు నిండిన క్వారీ గుంటలో పడేశాడు, ఆ తడి పాదాలు అందుకే. ఇది నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. మొగుణ్ణి చూసి అన్నపూర్ణ కెవ్వుమని పడిపోతుంది. అక్కణ్ణుంచి డిటెక్టివ్‌ని దింపుదామనుకున్నాను. నరసింహమూర్తి గారు రక్తం కావాలంటున్నారు. నాకేమీ తోచడంలేదు.

ఇంతకీ నీకు నిలువుగా చూడాలని ఎలా తట్టింది?

నీ కమల

బీరంగూడ,
జూలై 29

రక్తం దొరక్క అవస్థపడుతున్న చిట్టితల్లికి,

పాలు పోసే కౌసల్య నా పక్కన కూర్చుని నీ పేజీ చూస్తుంది. వాళ్ళ ఊళ్ళో పటం కథలవాళ్ళు పొడుగాటి బట్ట చుట్ట విప్పుకుంటూ కథ చెబుతారట. పైబొమ్మ అయ్యాక కిందబొమ్మ. ఆవిడకి కథంటే కిందికి దిగేది. ఆ అలవాటు నాకూ అంటింది. వాళ్ళాయన రాములు ప్లాంటులో హెల్పరు. వాళ్ళకింత పొలమూ ఉంది. అయినా ఉదయమే పాల గిన్నె దించి నీ దెయ్యం దగ్గర కూర్చుంటుంది. పాలు నీళ్ళవడానికి నీ కథ కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

నలుపు బాగుంది. కానీ పాదాలు వెనక్కి తిప్పి గీయడం నాకు నచ్చలేదు. అది సంతలో అమ్మే భయం. మానెయ్.

ఇక అన్నపూర్ణ సంగతి. ఆవిడ ఎందుకే కెవ్వుమంటుంది? నువ్వు పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నీకు తెలియదు, మీ సంపాదకుడి సంగతి ఇదివరకే అనుకున్నాం. మీ తాతగారు పోయాక చాలాకాలం, వంటింట్లో పీట జరిపిన చప్పుడు వినిపించేది. ఎలక అని నాకు తెలుసు. తెలిసే లేచి వెళ్ళేదాన్ని. వెళ్ళేటప్పుడు గుండె దడదడలాడేది. ఆయన ఉంటారేమోనని కాదు, ఉండరేమోనని. ఇది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు దెయ్యాల మనిషివి కనుక చెబుతున్నాను.

పోయినవాడు వచ్చి కంచం ముందు కూర్చుంటే పెళ్ళాం అరవదు. "పులుసు ఇంకాస్త వెయ్యనా?" అంటుంది. మర్నాడు కూడా వడ్డిస్తుంది. ఆ మర్నాడూనూ. పక్కింటివాళ్ళకి రెండో కంచం కనిపిస్తుంది, పిచ్చెక్కిందంటారు. అలా కొన్నాళ్ళు జరగనీ. భయం దానంతటదే ఊరుతుంది, నువ్వు సిరా పోయనక్కరలేదు.

ఒకరోజు వీరభద్రం పరామర్శకి వస్తాడు. భోజనం చేసి వెళ్ళమని ఆవిడ మర్యాదగానే అంటుంది. కూర్చోబోతాడు. వడ్డించిన కంచం, పీట చుట్టూ నీళ్ళు. తను ఎవరి స్థానంలో కూర్చోబోతున్నాడో వాడికొక్కడికే తెలుసు. కూర్చోగలడా? నీ డిటెక్టివ్‌ని బస్సెక్కించి ఇంటికి పంపెయ్.

ఆలోచించు. నచ్చకపోతే రక్తమే పోసుకో.

మామ్మ

హైదరాబాదు,
సెప్టెంబరు 11

మామ్మా,

ప్రెస్సులో నిలబడి రాస్తున్న కార్డు ఇది. మొగుడు మాయమైన రోజుల పాత కథ ఇన్ని వారాలు నడిపాక, ఇప్పటికి పులుసు వడ్డించే పేజీ వచ్చింది, చూశావా? నరసింహమూర్తి గారు ముందు ఒప్పుకోలేదు. "దెయ్యానికి పులుసేమిటమ్మా" అన్నారు. బొమ్మని దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశారు. తర్వాత, "మా అమ్మ ఇంకా నాన్న కాఫీ గ్లాసు కడిగి బోర్లిస్తుంది" అని, బ్లాకుకి పంపేశారు. వారం వారం ఇంతే, భయంతో చస్తున్నాను. నువ్వు ఏమంటావో రాయి.

కమల

హైదరాబాదు,
అక్టోబరు 14

ప్రియమైన మామ్మకి,

ఆఖరి పేజీకి ముందు పేజీ వచ్చింది. వీరభద్రం పీట దగ్గరదాకా వచ్చి, కాలు కిందపెట్టలేక, చెప్పులు వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు. ఆ సంచికకి ఉత్తరాలు సంచీ నిండా వచ్చాయి. ఒకావిడ, "మా ఆయన పోయి ఏడాదైంది, మీ బొమ్మ చూసి భయమూ వేసింది, ఆయన్ని చూసినట్టూ ఉంది, కుమార్ గారికి నమస్కారాలు" అని రాసింది. నరసింహమూర్తి గారు పేజీ నాకే ఉంచారు, సంక్రాంతి తర్వాత కొత్త కథ మొదలుపెట్టమన్నారు. పైగా ఈసారి నా పేరే వేస్తారట. నాన్నకి రాశాను. ఆయన తిరిగి రాసింది ఒకే ముక్క: "ట్రేసరు పోస్టు వేరే అబ్బాయికి చెప్పాను. ఒంట్లో జాగ్రత్త." మామ్మా, ఆ కార్డు పట్టుకుని మెస్సులో అందరి ముందూ ఏడ్చాను.

ఇంత సంతోషంలో ఒక సంగతి నన్ను తినేస్తోంది. నేను ఎప్పుడూ పాదాలు వెనక్కి తిప్పి గీయలేదు. నువ్వు మానెయ్యమని రాస్తే, ఏదో మరక అలా కనిపించిందేమో అనుకున్నాను. కానీ పోయినవారం పేజీలో, వీరభద్రం పరుగెత్తేటప్పుడు ఎదురింటి కిటికీలోంచి ఒక ముసలావిడ చూస్తుంటుంది. పేజీలో అందరికన్నా పెద్ద ముఖం అదే. అది నువ్వు. నీ ముక్కు, నీ కళ్ళజోడు, జోడుకి కట్టిన దారం కూడా గీశాను. తిడతావని రోజూ ఉత్తరం కోసం చూశాను. నువ్వు రాసిందల్లా, "కిటికీలో ఎవరినో పెట్టావు, బాగుంది" అని.

మామ్మా, నువ్వు నా బొమ్మలు చూస్తున్నావా?

కమల

బీరంగూడ,
అక్టోబరు 20

నా తల్లి కమలకి,

లేదు. చూడటంలేదు.

పోయిన వేసవి నుంచే కళ్ళకి పొరలు కమ్మాయి. పేజీ పట్టుకుంటే, పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా, మధ్యలో నల్లటి ముద్దలు. చిన్నప్పటి అలవాటు కొద్దీ అట్టముక్క అడ్డం పెట్టుకుని రాయగలను, రాసింది చదవలేను. నీ ఉత్తరాలు పోస్ట్‌మన్ నర్సింహ అరుగు మీద కూర్చుని చదివిపెడతాడు. హంతకుడెవరో అతనికి జూలైలోనే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, పాపం, ఆ రహస్యంతో కడుపు ఉబ్బిపోయింది అతనికి.

బొమ్మలు చెప్పింది కౌసల్య. ఆవిడకి అక్షరం రాదు, నీ పేజీలో అక్షరాలూ తక్కువే, ఇద్దరికీ సరిపోయింది. మొదటిరోజు, "గీమె తలుపు కొడ్తున్నదమ్మా. ఇగో, గీడ తడి అడుగులు. అయ్యో, ఎవడో వొచ్చి బువ్వ తింటున్నడు" అంది. నేను విన్న వరస అదే. పైనుంచి కిందికి దిగింది ఆవిడ, ఒళ్ళు జలదరించింది నాకు. వెనక్కి తిరిగిన పాదాలు కూడా ఆవిడ సొంత సరుకే. నువ్వు గీయలేదని చదివించుకున్నాక నిలదీశాను. "గీయకపోతేంది, ఉంటయి గదా" అంది.

కిటికీలో ముసలావిణ్ణి కూడా చెప్పిందే. "గీ ముసలామె జెర నీలెక్కనే ఉందమ్మా, ముక్కు గూడ" అంటే, నా ముక్కు అంత లేదని కసిరాను. ఆవిడ నొచ్చుకుని రెండు రోజులు పాలు పోసి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను క్షమాపణ చెప్పుకోవాలి. నీవల్లే.

ఎందుకు చెప్పలేదంటావు. చెబితే మీ నాన్న మర్నాడే ఆస్పత్రికి ఎక్కిస్తాడు. మా వీర్రాజు అన్నయ్య కళ్ళు కోయించుకుని, తల కదపకుండా ఇసక మూటల మధ్య పడుకున్నాడు. కట్లు విప్పాక అతనికి వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. నాకు ఆ భయం. నీ దెయ్యం భయంలాంటిది కాదు, ఉత్త పిరికితనం. ఇంకొకటి, నా కళ్ళ సంగతి తెలిస్తే నువ్వు బొమ్మలు వదిలేసి నా మంచం పక్కకి వచ్చేస్తావని. ట్రేసరు ఉద్యోగం ఎదురుగానే ఉంది, నీకు సాకు దొరికేది. నాకు అది ఇష్టంలేదు.

మీ అమ్మకి తెలుసనుకుంటాను. దెయ్యం ఉన్న పేజీ ముట్టుకోదు కానీ, బియ్యంలో రాళ్ళు ఏరే పని నా చేతిలోంచి ఎప్పుడో తీసేసుకుంది. ఏమీ అనలేదు. వెంకటలక్ష్మి కోడలిగా వచ్చినప్పుడు నోరులేనిదనుకున్నాను. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసినదని ఇన్నేళ్ళకి అర్థమైంది.

నర్సింహ నీ ఉత్తరం చదువుతూ "నువ్వు నా బొమ్మలు చూస్తున్నావా" అన్నచోట ఆగిపోయాడు. తర్వాత, "ఇగ నేను పోతనమ్మా" అని సంచీ సర్దుకున్నాడు. ఆ సాయంత్రం మీ నాన్న ప్లాంటు నుంచి రాగానే చెప్పాను. అరుస్తాడనుకున్నాను. వాడు లోపలికి వెళ్ళి పత్రిక తెచ్చి, నా మోకాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుని, మొదటిసారి నీ పేజీ మొత్తం బొమ్మ బొమ్మకీ చెప్పాడు. అడ్డంగానే చెప్పాడు, ఇంజనీరింగు బుద్ధి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి నా వేలు పట్టుకుని ఆ బొమ్మ మీద పెట్టాడు. "అమ్మా, ఇది నువ్వేనే" అన్నాడు. వాడు నన్ను చిన్నప్పటిలా "ఏమే, ఒసే" అన్న చనువుతో పిలిచి ఎన్నేళ్ళయిందో.

లోకమంతా నా ముఖం చూసింది, నేను తప్ప. నువ్వు నా ముక్కుకి ఏం చేశావో నేను చూసి తీరాలి, ఆ తర్వాత తిట్టాలి. అందుకని ఆపరేషనుకి ఒప్పుకున్నాను. వచ్చే సోమవారం చేరాలి. మొదటి కన్ను బాగుపడితే రెండోదీ ఇస్తాను, నువ్వు ఆ సంచిక ఒకటి దాచి ఉంచు.

భయంగానే ఉంది కమలా. నువ్వు పక్కనుంటే బాగుండును. శనివారం బస్సుకి రా. వచ్చేముందు సుల్తాన్‌బజారులో ముదురు ఆకుపచ్చ నూలుగుడ్డ ఒక గజం కొనుక్కురా. కట్లు విప్పాక కంటిమీద తెరగా వేలాడదీయాలట. మెరిసే గుడ్డ తేకు, కళ్ళలో పొడుస్తుంది. కొనేముందు ఒక మూల తడిపి తెల్ల రుమాలుకి రుద్ది చూడు. రంగు అంటితే ఆ కొట్టు వదిలేసి పక్క కొట్టుకి వెళ్ళు.

మామ్మ